హీరో చేత రిజైన్ చేయించకు తమ్ముడూ

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి అర్థమవడానికి క్లుప్తంగా చెప్తా. తమ్ముడు ఒక సీరియల్ రాస్తున్నాడు. హీరో టోక్యోలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసే 29 ఏళ్ళ కుర్రాడు, పని తప్ప ఇంకోటి తెలీదు, ఒక రాత్రి లాస్ట్ ట్రైన్ కోసం పరిగెడుతూ వేరే లోకంలో తేలతాడు, అక్కడ రాజుగారి ఖజానాలో లెక్కలు రాసే పనికి కుదురుతాడు, గుర్రపు దళం కమాండర్ తో ప్రేమ నడవాలి. 12 ఎపిసోడ్లు అయ్యాయి కానీ చదివేవాళ్ళేమో "ఖజానా గొడవ సూపరు, లవ్ ఏది?" అంటున్నారట. 13లో హీరో చేత ఉద్యోగం మానిపించేయాలా, ఆ లోకంలో జనం ఇద్దరు మగాళ్ళ ప్రేమని ఎలా చూడాలి, అసలు హీరోని హైదరాబాద్ వాడిగా మార్చేస్తే ఎలా ఉంటుంది, పడకగది సీన్లు రాయాలా వద్దా, ఇవీ డౌట్లు.

నేను ఈ ఇసెకాయ్ (హీరో వేరే లోకంలో పడటం) బీఎల్ (ఇద్దరు మగాళ్ళ ప్రేమ) కథలు చాలా ఏళ్ళుగా చదువుతున్నా, రెండు సీరియల్స్ రాశా కూడా, పగలు చేసేది మాత్రం అకౌంట్స్ ఉద్యోగమే. అందుకని కాస్త గట్టిగానే మాట్లాడతా, ఏమనుకోకు.

మొదటిదానికి సమాధానం: మానిపించకు. నీ కథలో లవ్ కనపడకపోవడానికి కారణం పని ఎక్కువవడం కాదు. కమాండర్ ఆ పనికి బయట నిలబడి ఉన్నాడు, అదీ సమస్య. 12 ఎపిసోడ్లలో అతను చేసిందేంటి చెప్పు? తలుపు దగ్గర నిలబడటం, "ఇంకా నిద్రపోలేదా" అనడం, సూప్ గిన్నె పెట్టి పోవడం. అది హాస్టల్ వార్డెన్ కూడా చేస్తాడు. మనవాడి ప్రాణమంతా ఆ ఖాతా పుస్తకాల్లో ఉంటే ప్రేమ కూడా వాటి మీదుగానే రావాలి కదా, అందుకని కమాండర్ ని ఫైల్లోకి లాగు.

ఎలా అంటావా, ఇలా చేసి చూడు. 7వ ఎపిసోడ్ లో నువ్వు మేత బిల్లు గురించి ఒక్క లైన్ రాసి వదిలేశావ్, అదే బంగారం. దళం తరఫున 60 గుర్రాలకి మేత బిల్లు వస్తుంది. 450-500 కేజీలుండే గుర్రం గడ్డీ గింజా కలిపి రోజుకి 9-10 కేజీల దాకా తింటుంది, కాబట్టి 60 గుర్రాలంటే బిల్లు పెద్దదే, అయినా చూడటానికి కరెక్టుగానే ఉంటుంది, ఎవడూ అనుమానించడు. కానీ అకౌంట్స్ లో పని చేసినవాడెవడూ ఒకే బిల్లు చూసి సంతకం పెట్టడు, దానికి తోడుగా నడిచే ఇంకో ఖర్చు ఏదుందా అని వెతుకుతాడు. గుర్రానికి ఆరెనిమిది వారాలకోసారి లాడాలు మార్చాలి. మనవాడు కమ్మరి బిల్లు తీస్తాడు. 172 లాడాలు. నాలుగుతో భాగిస్తే 43. మరి మిగతా 17 గుర్రాలు కాళ్ళు లేకుండా నడుస్తున్నాయా?

ఇక్కడ సీన్ ఉంది చూడు. అర్ధరాత్రి, కమాండర్ ని పిలిపించి కూర్చోబెట్టి, రెండు బిల్లులు పక్కపక్కన పెట్టి ఏమీ మాట్లాడకుండా పెన్సిల్ తో 43 చుట్టూ సున్నా చుడతాడు. కమాండర్ చాలాసేపు ఆ సున్నా వైపే చూసి, చివరికి చెప్తాడు, పోయిన శీతాకాలం సరిహద్దులో 17 మంది పోయారని, గుర్రాలతో సహా, వాళ్ళ ఇళ్ళకి రాజ్యం రాగి నాణెం కూడా ఇవ్వలేదని, అందుకే చచ్చిన గుర్రాల పేర్లు కొట్టేయకుండా ఆ మేత డబ్బు నెలనెలా ఆ ఇళ్ళకి పంపుతున్నానని. ఇది ఫ్రాడ్. మనవాడి ఉద్యోగ ధర్మం ప్రకారం రిపోర్ట్ రాయాలి. రాయడు, అలాగని కళ్ళు మూసుకోడు కూడా, ఎందుకంటే తప్పుడు ఎంట్రీ అలా వదిలేసి నిద్రపోయే రకం కాదు వాడు. తెల్లారేదాకా పాత శాసనాలు తిరగేసి ఎక్కడో ఒక మూల పడి ఉన్న పద్దు పట్టుకుంటాడు, యుద్ధంలో పోయినవాళ్ళ కుటుంబాలకి పెన్షన్ ఇవ్వొచ్చు అని, ఎవరూ ఎప్పుడూ క్లెయిమ్ చేయనిది. పొద్దున్నకల్లా 17 పేర్లతో దరఖాస్తులు రెడీ, మేత బిల్లు 43కి సరిచేసి, కమాండర్ సంతకం పెట్టాల్సిన చోట ఇంటూ మార్కులు పెట్టి ఉంటాయి. అతను వాటిని చూస్తాడు. ఆ తర్వాత సూప్ గిన్నె తెచ్చినా, దుప్పటి కప్పినా చదివేవాడికి గుండె ఆగుతుంది. నీకు లవ్ ట్రాక్ మొదలైనట్టే.

ఇది నేను ఉత్తినే కల్పించి చెప్తున్నది అనుకోకు, లేని గుర్రాలకి డబ్బు లాగడం చరిత్రంతా ఉంది. అల్లావుద్దీన్ ఖిల్జీ గుర్రాలకి ముద్ర వేయించే దాగ్ పద్ధతి పెట్టిందే అందుకు, సర్దార్లు తనిఖీ రోజున అద్దె గుర్రాలు చూపించి జీతాలు తీసుకుంటున్నారని, అక్బర్ కాలంలో మళ్ళీ అదే తెచ్చారు. ఇంగ్లండ్ లో ట్యూడర్ రాజుల సైన్యాల్లో అయితే చచ్చిన సైనికుల పేర్ల మీద జీతం తీసుకోవడం కెప్టెన్లకి మామూలు ఆదాయం. మన విజయనగరంలో నాయంకరం పద్ధతి తెలుసుగా, భూమి ఇచ్చి బదులుగా ఇన్ని గుర్రాలు, ఇంతమంది కాల్బలం పోషించాలి అని ఒప్పందం, అలాంటి చోట లెక్క చూసేవాడికి ఎంత పవర్ ఉంటుందో ఎంతమంది శత్రువులు ఉంటారో ఆలోచించు. ఇంకో ముక్క, నీ రాజ్యంలో జమా ఖర్చు రెండు వైపులా రాసే డబుల్ ఎంట్రీ తెలిసినట్టు రాశావ్, తెలియకపోతేనే నీకు లాభం. మన లోకంలో లూకా పాచోలీ అనే ఇటాలియన్ సన్యాసి 1494లో వెనిస్ లో ఆ పద్ధతిని అచ్చు వేయించాడు, అంతకు ముందు నుంచీ వ్యాపారులు వాడుతున్నదే, కానీ రాజుల ఖజానాలు చాలాకాలం పట్టించుకోలేదు. ఇంగ్లండ్ ఖజానా వాళ్ళు రసీదుగా గాట్లు పెట్టిన కర్రముక్కలు చీల్చి సగం వాళ్ళు సగం కట్టినవాడు ఉంచుకునేవాళ్ళు, ఆ పాత కర్రలన్నీ 1834లో పొయ్యిల్లో వేసి తగలబెట్టబోతే పార్లమెంటు భవనమే కాలిపోయింది! నీ హీరోకి మంత్రాలు రానక్కర్లేదు, ఇలాంటి చోటకి డబుల్ ఎంట్రీ తీసుకెళ్తే చాలు, అదే మంత్రం.

సరే, ఇప్పుడు అసలు విషయం. నీ హీరో ఎందుకు అలా పని చేస్తాడు? ఈ ప్రశ్నకి నీ 12 ఎపిసోడ్లలో సమాధానం లేదు, "జపాన్ వాళ్ళు అంతే" అన్నట్టు వదిలేశావ్.

జపాన్ లో ఈ క్యారెక్టర్ కి వెనకాల పెద్ద కథ ఉంది. పని ఎక్కువై చచ్చిపోవడానికి అక్కడ కరోషీ అని పేరే ఉంది. 1969లో ఒక న్యూస్‌పేపర్ కంపెనీ పార్సిల్ సెక్షన్లో 29 ఏళ్ళ మనిషి స్ట్రోక్ తో పోయాడు, అదే మొదటి కేసుగా చెప్తారు (నీ హీరో వయసూ 29, యాదృచ్ఛికమే అనుకుంటా). 1980ల చివర్లో రీగెయిన్ అనే ఎనర్జీ డ్రింక్ యాడ్ "24 గంటలూ పోరాడగలరా" అని టీవీలో పాడించేది, జనం సరదాగా పాడుకునేవాళ్ళు, సరిగ్గా అదే టైంలో 1988లో లాయర్లంతా కలిసి కరోషీ హాట్‌లైన్ పెట్టాల్సొచ్చింది, ఫోన్ చేసింది ఎక్కువగా భర్తలు పోయిన ఆడవాళ్ళు. 2015 డిసెంబర్లో ఒక పెద్ద యాడ్ కంపెనీలో 24 ఏళ్ళ అమ్మాయి ఆత్మహత్య చేసుకుంటే దేశమంతా గొడవైంది, 2018లో చట్టం మార్చి ఓవర్‌టైంకి నెలకి 45 గంటలు, ఏడాదికి 360 అని లిమిట్ పెట్టారు, స్పెషల్ ఒప్పందం ఉంటే ఏడాదికి 720 దాకా పోవచ్చు. ఇక లెక్కలోకి రాని, జీతం రాని ఓవర్‌టైం వేరే. అందుకే అక్కడి పాఠకులకి, ఆఫీసులో చచ్చేలా పని చేసి వేరే లోకానికి పోయినవాడు అంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనకాల భయం కూడా ఉంటుంది. వేరే లోకంలో కూడా వాడు వెళ్ళగానే "ఇక్కడ పని వేళలు ఎంత" అని అడగడం జోక్ ఎందుకైందంటే ఇందుకే. నీ కథలో హీరో శక్తి కషాయాలు వరసపెట్టి తాగే సీన్ కూడా నాకు ఆ యాడ్ నే గుర్తు చేసింది, దాన్ని కామెడీగా మొదలుపెట్టు పర్లేదు, కానీ కామెడీగానే ఆపకు. వారానికి 55 గంటలు దాటి పని చేసేవాళ్ళకి స్ట్రోక్ రిస్క్ 35 శాతం ఎక్కువ అని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కార్మిక సంస్థ కలిసి చెప్పాయి. కషాయం తాగినా ఒళ్ళు లెక్క రాసుకుంటూనే ఉంటుంది.

కానీ ఇదంతా సమాజం కారణం. హీరోకి సొంత కారణం కావాలి. అది నీ చేతిలోనే ఉంది, చూసుకోలేదు. వాడు గే. 29 ఏళ్ళు. ఇంట్లో చెప్పలేదు. మరి ఇంతకాలం అమ్మ ఫోన్ చేసి పెళ్ళెప్పుడు అంటే ఏం చెప్పి ఉంటాడు? "ఈ ప్రాజెక్ట్ అవ్వనీ." "క్వార్టర్ ఎండింగ్ అమ్మా." "ఆడిట్ నడుస్తోంది." ఆఫీసులో ఫ్రెండ్స్ గర్ల్‌ఫ్రెండ్ గురించి అడిగితే? "టైమ్ ఎక్కడిది." శనాదివారాలు ఏం చేస్తావ్ అంటే? "పని." అంటే ఓవర్‌టైం వాడికి దాక్కునే చోటు, ఎవడూ వేలెత్తి చూపించలేని చోటు. కష్టపడే కొడుకుని ఎవరు తిడతారు? మా టీంలోనే అలాంటి మనిషి ఒకాయన ఉండేవాడు, దీపావళి రోజు కూడా లాగిన్ అయ్యేవాడు, అందరూ ప్రమోషన్ కోసం అనుకునేవాళ్ళం. చాలా తర్వాత ఎవరో చెప్తే తెలిసింది, ప్రతి పండక్కీ ఇంట్లో పెళ్ళిచూపులు పెడతారట.

ఇది పెట్టావనుకో, నీ కథ మొత్తం మారిపోతుంది. ఎందుకంటే వేరే లోకంలో అమ్మ ఫోన్ లేదు, సంబంధాలు లేవు, దాక్కోవాల్సిన కారణమే లేదు. అయినా వాడు తెల్లారగట్ల దాకా ఖజానాలోనే కూర్చుంటాడు. ఇన్నాళ్ళూ దాక్కుని దాక్కుని ఆ చీకటే ఇల్లు అయిపోయింది. కమాండర్ మంచివాడే, అందగాడే, అడ్డేమీ లేదు, ఆ అడ్డేమీ లేకపోవడమే మనవాడికి భయం, ఇప్పుడు "టైమ్ లేదు" అనడానికి సాకు కావాలి కాబట్టి ఇంకో పద్దు తీసి ముందేసుకుంటాడు. ఒక సీన్ రాయి, పండగ రోజు ఖజానాకి సెలవు, తాళం వేసేశారు, మనవాడు ఆ తాళం ముందు నిలబడి ఉంటాడు, ఏం చేయాలో తెలీక. అక్కడికి కమాండర్ వస్తే ఏం మాట్లాడతారో నాకు చదవాలనుంది నిజంగా.

అందుకే అంటున్నా, ముద్దు పెట్టగానే పనిపిచ్చి మాయమైపోకూడదు. 20వ ఎపిసోడ్ లో ఇద్దరూ ఒకటయ్యాక కూడా అర్ధరాత్రి వాడు లేచి కూర్చుని ఉప్పు పన్ను లెక్క గుర్తొచ్చిందని వెళ్ళిపోవాలి, కమాండర్ కి కోపం రావాలి, గొడవ అవ్వాలి. అప్పుడు నమ్ముతాం.

ఇంకోటి, ఈ జానర్లో బాగా అరిగిపోయిన ట్రిక్ ఒకటి నువ్వూ మొదలుపెట్టావ్. హీరో ఒంటికి ఆ లోకం మాయాశక్తి పడదు, పడిపోతాడు, అప్పుడు కమాండర్ ఒంటి స్పర్శతోనే నయమవుతుంది కాబట్టి తప్పనిసరిగా పక్కలో పడుకోబెట్టుకోవాలి. చదవడానికి కిక్కే, కాదనను. కానీ మనవాడు స్పృహలో లేనప్పుడు ఒకరు నిర్ణయం తీసుకుంటే అది వైద్యమా ఇంకోటా? పైగా చూడు, కమాండర్ కి హోదా ఉంది, కత్తి ఉంది, ఊరు తెలుసు, మనవాడికి ఆ లోకంలో ఎవరూ లేరు, కూడు గూడు అన్నీ వేరేవాళ్ళ దయ. అలాంటప్పుడు "నీ మంచి కోసమే" అని బలవంతంగా తినిపించడం, పడుకోబెట్టడం, తలుపు గడియ పెట్టడం ప్రేమలా రాస్తే నాకు ఊపిరాడదు. ఈ ఫిర్యాదు కొత్తది కాదు. బీఎల్ 1970ల్లో జపాన్ లో ఆడవాళ్ళు ఆడవాళ్ళ కోసం మొదలుపెట్టిన కథలు, 1975లో కామికెట్ అనే అభిమానుల సంత మొదలైంది, 1978లో జూన్ అని పత్రిక వచ్చింది, అలా పెరిగింది. 1992లో ఒక గే యాక్టివిస్ట్ చిన్న ఫెమినిస్ట్ పత్రికలో గట్టిగా రాశాడు, మీ కథల్లో ఉన్నది మేము కాదు, మమ్మల్ని బొమ్మల్లా వాడుకుంటున్నారు అని, దాని మీద ఏళ్ళ తరబడి వాదోపవాదాలు నడిచాయి. నేను ఆడదాన్ని, ఈ కథలు ఇష్టంగా చదివేదాన్ని, రాసేదాన్ని, ఆ మాట నాకూ వర్తిస్తుంది. నువ్వు నీ అనుభవంతో రాస్తున్నానని చెప్పావ్ కాబట్టి నీకు నాకంటే బాగా తెలుసు. ట్రిక్ పూర్తిగా తీసేయమనట్లేదు. చిన్న మార్పు చెయ్యి: మెలకువగా, ఒంట్లో బాగున్నప్పుడు, మనవాడే ముందుగా చెప్పి ఉండాలి, "ఈసారి పడిపోతే నువ్వు రా, వేరే ఎవరూ వద్దు" అని. కావాలంటే వాడి స్టైల్లో కాగితం మీద రాసి రెండు కాపీలు తీయించు, నవ్వూ వస్తుంది, విషయమూ తేలిపోతుంది. అలాగే వాడికి సొంత జీతం, సొంత గది, ఆ గది తాళంచెవి ఉండాలి. కమాండర్ ఇంటికి వాడు వెళ్ళాలి గానీ తీసుకెళ్ళబడకూడదు.

ఇక ఆ లోకం ఎలా చూడాలి అన్నావ్. "అక్కడ అందరూ ఓకే" అని ఒక లైన్ రాసి దాటేస్తే కథ తేలిపోతుంది, అలాగని ఊరేగించి రాళ్ళు వేయించే ఎపిసోడ్లు కూడా అక్కర్లేదు, అది చదవడానికి ఎవరూ ఫాంటసీ దాకా రారు. మనవాడు అకౌంటెంట్ కాబట్టి నీకు ఒక ఈజీ దారి ఉంది: ఫారంలో చూపించు. ఆ 17 మంది పెన్షన్ దరఖాస్తుల్లో 16 మందికి భార్య పేరో తల్లి పేరో ఉంటుంది. ఒక దాంట్లో ఇంకో మగాడి పేరు. చావిడి దగ్గర రొట్టెలు కాల్చేవాడు అనుకో. ఖజానా పెద్ద గుమస్తా ఆ కాగితం చూసి ఏమంటాడు? "ఇందులో ఇబ్బందేముంది" అంటాడా, "ఇది చెల్లదు" అంటాడా, "వేరే ఎవరైనా బంధువు పేరు రాసి తెచ్చుకోండి, మాకెందుకు గొడవ" అంటాడా? నాకైతే మూడోది నచ్చుతుంది, ఎందుకంటే మన దగ్గర జరిగేది అదే. ఆ ఒక్క మాటతో నీ రాజ్యం ఎలాంటిదో చదివేవాడికి తెలిసిపోతుంది, కమాండర్ మొహం ఎందుకు మారిందో మనవాడికి తెలుస్తుంది.

మన లోకంలో ఇది ఎక్కడ ఉందో నీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తా, కథకి పనికొస్తుంది. జపాన్ లో ఇద్దరు మగాళ్ళ పెళ్ళికి చట్టం లేదు. 2015లో టోక్యోలోని షిబుయా, సెతగాయా వార్డులు పార్ట్‌నర్‌షిప్ సర్టిఫికెట్ మొదలుపెట్టాయి, 2022 నవంబర్లో టోక్యో మొత్తానికి వచ్చింది, 2021 మార్చిలో సప్పొరో కోర్టు పెళ్ళిని గుర్తించకపోవడం రాజ్యాంగ విరుద్ధం అంది, కానీ ఆ సర్టిఫికెట్ తో వారసత్వం రాదు. మన దగ్గర 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు సెక్షన్ 377 కేసులో పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదంది, 2023 అక్టోబర్ 17న పెళ్ళి హక్కు మాత్రం మేం ఇవ్వలేం అంది. 2024 ఆగస్టులో మాత్రం జాయింట్ బ్యాంక్ అకౌంట్ తెరవడానికి, పార్ట్‌నర్ ని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ క్లారిటీ ఇచ్చింది. పెళ్ళి కార్డు లేదు గానీ నామినీ గడి ఉంది! అకౌంట్స్ మనిషికి ఇంతకంటే రొమాంటిక్ గడి ఏముంటుంది చెప్పు. నీ 30వ ఎపిసోడ్ లోనో ఎక్కడో కమాండర్ సరిహద్దుకి బయల్దేరే ముందు తన ఫారం తెచ్చి మనవాడి టేబుల్ మీద పెట్టాలి, ఆ గడిలో ఎవరి పేరు ఉందో నువ్వు రాయనక్కర్లేదు.

పిలుపుల గురించి కూడా ఒక మాట, తెలుగులో రాస్తున్నావ్ కాబట్టి. మొదట్లో ఇద్దరూ "మీరు" అనుకుంటున్నారు, బాగుంది. 9వ ఎపిసోడ్ లో ఒక్కసారిగా "ఏరా" అయిపోయింది. ఆడా మగా కథలో "మీరు" నుంచి "నువ్వు"కి దిగితే మనకి వెంటనే వెలుగుతుంది, ఇద్దరు మగాళ్ళ మధ్య "రా" వచ్చిందంటే క్లాస్‌మేట్స్ అయిపోతారు, అక్కడే సగం లవ్ ఆవిరైంది నీకు. "నువ్వు" దగ్గర ఆపు. అది కూడా ముందు కమాండర్ అనాలి, మనవాడు ఇంకో పది ఎపిసోడ్లు "మీరు" అనే అంటూ, కోపమొచ్చినప్పుడు మాత్రం నోరు జారాలి.

హైదరాబాద్ వాడిగా మార్చనా అంటే, మార్చొచ్చు, కానీ పేరు మార్చి వదిలేసేట్టయితే వద్దు. టోక్యోవాడిగా ఉంచితే నీకు తెలియని చోట్ల తప్పులు దొర్లుతున్నాయి, 3వ ఎపిసోడ్ లో వాళ్ళ ఆఫీసు ఇయర్ ఎండింగ్ డిసెంబర్ అని రాశావ్, జపాన్ లో గవర్నమెంటుకీ చాలా కంపెనీలకీ కూడా మనలాగే మార్చి 31 తోనే ముగుస్తుంది. మనవాడే అయితే ఇవన్నీ నీ చేతిలో ఉంటాయి. నెల 20లోపు 3బి అనే జీఎస్టీ రిటర్న్ వేయడం, సెప్టెంబర్ 30కి టాక్స్ ఆడిట్ అని రాత్రుళ్ళు ఆఫీసులో పడుకోవడం, క్లయింటు చివరి రోజు వాట్సాప్ లో వంకరగా తీసిన బిల్లుల ఫోటోలు పంపడం, లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో పదిహేడు రూపాయల తేడా కోసం రెండు గంటలు, చల్లారిపోయిన ఇరానీ చాయ్. పైగా పెళ్ళి ఒత్తిడి రాయడానికి నీకు రీసెర్చ్ అక్కర్లేదు. మారిస్తే మాత్రం వంగి నమస్కారాలు, సారీ సారీ అంటూ తలొంచడాలు తీసేయి, మన ఆఫీసు పనిపిచ్చోడు అలా ఉండడు, బాస్ తో మూడు గంటలు వాదించి చివరికి తనే కూర్చుని పని పూర్తి చేస్తాడు. నా ఓటు హైదరాబాద్ కే. 12 ఎపిసోడ్లు తిరగరాయాలి, పని ఎక్కువే, నీ ఇష్టం.

చివరిది, పడకగది సీన్లు. అవి లేకపోతే చదవరని ఎవరో చెప్పారన్నావ్, నాకు అలా కనపడలేదు, నా రెండో సీరియల్ లో ఒక్కటీ లేదు, జనం చదివారు. రాయాలని నీకే ఉంటే రాయి, సిగ్గుపడాల్సిందేం లేదు, 18 ప్లస్ ట్యాగ్ పెట్టు, నువ్వు పోస్ట్ చేసే చోట రూల్స్ ఒకసారి చూసుకో, కొన్ని యాప్స్ లో చెప్పకుండా ఎపిసోడ్ లేపేస్తారు, కాబట్టి బ్యాకప్ దాచుకో. కానీ ముందు ఆ లాడాల బిల్లు రాయి. 13 పోస్ట్ చేసే లోపు 7 సరిచేసి పెడితే చదివి చెప్తా, 172ని నాలుగుతో భాగించడం మాత్రం మర్చిపోకు, చదివేవాళ్ళలో మా అకౌంట్స్ వాళ్ళు ఉంటారు, తేడా వస్తే వదలరు.